గంట కొట్టే మనశ్శాంతి

ఫిర్యాదుల కార్యాలయపు మేనేజరు గారికి ఉద్యోగుల మనస్సుల మీద ఉన్నట్టుండి కరుణ పొంగింది. పొంగించింది పైఆఫీసు ఉత్తర్వేనని గిట్టనివాళ్లు అన్నారు. సామాన్ల గదిలోంచి విరిగిన కుర్చీలు తరలిపోయాయి. గోడలకు నీలిరంగు పడింది. 'ప్రశాంతి మందిరం' అని బోర్డు వెలిసింది. లోపల ఎవరు కుమిలిపోతున్నారో అందరికీ కనపడాలని తలుపుకు నిలువెత్తు అద్దం బిగించారు.

ఈ కరుణకు పాత్రురాలు కిటికీ పక్క బల్ల అమ్మాయి. ఒక కొనుగోలుదారు ఫోనులో అదే పనిగా తిట్టిన నాటి నుంచి, గంట మోగితే చాలు, ఆమె చేతులు కొయ్యబారిపోతున్నాయి. కౌన్సెలర్ దగ్గరికి వెళుతోంది. ఆవిడ, తన దగ్గరికి రావడం మానకుండానే, మధ్య రోజుల్లో ఆనుకోవడానికి మరో ఆసరా వెతుక్కోమంది. మేనేజరు గారు, సోమవారం నుంచి ఫోనెత్తకపోతే మరో ఉద్యోగం వెతుక్కోమన్నారు.

ఆమె వెతికింది. వదిన ఇచ్చిన పుస్తకం దుఃఖమంటే సోమరితనమేనని మొదటి పేజీలోనే తీర్పు చెప్పింది. ఆఫీసువారు ప్రసాదించిన యాప్ ఊపిరి పీల్చమని గుర్తుచేసేది, గణగణమని గంట కొట్టి.

మిగిలింది, ఉద్యోగుల మనోవేదన వినడానికని మందిరంతోపాటే పెట్టిన సహాయవాణి. అది మహానిపుణుల చేతిలో ఉందని మేనేజరు గారు ప్రారంభోపన్యాసంలో సెలవిచ్చారు. శుక్రవారం ఆమె మందిరంలో కూర్చుని, అద్దానికి వీపు పెట్టి, ఆ నంబరు కలిపింది. అద్దం అవతల, తన పక్క బల్ల మీదే ఫోను మోగింది. ఖర్చు కలిసొస్తుందని ఆ లైనును ఫిర్యాదుల విభాగానికే తగిలించారు.

ఎత్తింది పక్క బల్ల పెద్దావిడ, ఆఫీసంతటికీ అక్క. అలవాటైన పాఠమే అప్పజెప్పింది. "నమస్కారం. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. వస్తువు ఏ స్థితిలో ఉందండీ?"

"విరిగిపోయిందక్కా."

అక్క అద్దం వైపు తిరిగి చూసింది. "అక్కడే ఉండు. వస్తున్నా."

వెనక మెట్ల మీద కూర్చున్నాక, తనకూ ఒకప్పుడు ఇదే గతి పట్టిందని అక్క చెప్పింది. ఆదివారాలు గ్రంథాలయం మేడ మీద ఇలాంటివాళ్లే కొందరు కలుస్తారట, ఉపన్యాసాలుండవట, వింటారట. టీ మాత్రం పరమ ఘోరమట.

"మొదటి గంటకే ఎత్తాలన్నది వీళ్ల శాసనం కదా. మోగనీవే. ముందు ఊపిరి వదులు, తర్వాత ఎత్తు. బల్ల కింద నా కాలు నీ కాలికి ఆనించే ఉంచుతా."

ఆదివారం ఆమె ఆ టీ తాగింది. అక్క అబద్ధమాడలేదు.

సోమవారం ఫోను మోగింది. బల్ల కింద అక్క పాదం వచ్చి ఆనింది. అమ్మాయి గంటను మోగనిచ్చి, ఊపిరి వదిలి, అప్పుడు ఎత్తింది. అవతల ఎవరో కెటిల్ మూత గురించి మండిపడుతున్నారు. "చెప్పండి, వింటున్నాను" అంది.

దూరం నుంచి ఈ దృశ్యం తిలకించిన మేనేజరు గారు, ఇది యాప్ విజయమని పైఆఫీసుకు విన్నవించుకున్నారు. దాన్ని ఆమె పొద్దున్నే ఫోనులోంచి పీకేసిన సంగతి వారికి తెలియదు. బల్ల కింద ఏముందో అంతకన్నా తెలియదు. అక్కడ అద్దం బిగించలేదు మరి.