సేవ్ నొక్కితే పూసే తామర

ఇరవై రెండో పేజీ దగ్గరికి వచ్చేసరికి నీరజకు కళ్లు మండిపోతున్నాయి. ఆమె టైప్ చేస్తున్నది ఉధ్నాలోని ఆ టైపింగ్ ఆఫీసు యజమాని రాంప్రసాద్ సొంతంగా చేయించిన ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు, కనబడి చావవు. సేవ్ నొక్కితే మాత్రం తెర మధ్య గులాబీ రంగు తామర విచ్చుకుంటుంది. ఆహా, ఏం సొగసు!

ఇరవై పేజీలు దాటాక సేవ్ నొక్కితే ఫైలంతా ఖాళీ అయిపోతుంది. అయినా తామర విచ్చుకుంటుంది. నెల కిందటే నీరజ ఈ సంగతి రాంప్రసాద్‌కు చెప్పింది.

"కొనేటోళ్లు పువ్వునే చూస్తరు. దాని జోలికి పోకు. ఎవ్వరికీ చెప్పకు," అన్నాడు రాంప్రసాద్.

నీరజ నోరు మూసుకుంది. నిన్న, కొత్తగా చేరిన హారతి కొట్టిన నలభై పేజీలు మాయమయ్యాయి.

"సేవ్ జెయ్యలే, పైంగ అబద్ధాలు!" అని రాంప్రసాద్ అందరి ముందూ ఆమెను వెళ్లగొట్టాడు. హారతి ఏడుస్తూ లింబాయత్ వైపు వెళ్లే ఆటో ఎక్కింది. ఆ పాపంలో తనకూ వాటా ఉందని నీరజకు అన్నం సహించలేదు. వాడి పువ్వుతోనే వాడి పరువు తీయాలనుకుంది. అందుకే పొద్దున్నుంచి హారతి కాగితాలనే మళ్లీ కొడుతోంది.

ఎడిటర్ కొనడానికి ఇవాళ వస్తానన్న సేఠ్ బట్టల మార్కెట్ నుంచి వచ్చాడు.

"నీరజా, కొత్త ఫైల్ల జర పది లైన్లు కొట్టి, సేవ్ చేసి చూపెట్టు. గంతే," అన్నాడు రాంప్రసాద్.

"పది లైన్లెందుకు సార్? ఇరవై రెండు పేజీలున్నయ్."

అతను చెయ్యి పట్టుకునేలోపే సేవ్ నొక్కింది. తామర విచ్చుకుంది. సేఠ్ ముచ్చటపడి నవ్వాడు. నీరజ ఫైలు మూసి మళ్లీ తెరిచింది. ఒక్క అక్షరం లేదు.

"యే క్యా హై?" ఇదేమిటన్నట్టు ఖాళీ తెర వైపు చూపించాడు సేఠ్.

రాంప్రసాద్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "నీ చెయ్యి తగిలి పోయిందని చెప్పు. రేపట్నుంచి నువ్వే సూపర్‌వైజర్‌వి."

"చెప్ప." గదిలో అందరికీ వినబడేలా అంది. "హారతి గూడ సేవ్ చేసింది సార్. నిన్న గిట్లనే పూసింది."

"దేఖో సేఠ్‌జీ," అని సేఠ్‌ను చూడమంటూ నీరజ ఖాళీ పేజీ మీద మళ్లీ సేవ్ నొక్కింది. తామర నిదానంగా, ఎంతో అందంగా విచ్చుకుంది.