తాళంచెవి గుర్తు బిస్కెట్లు

మా ఏలూరులో డిసెంబరు వస్తే మా చర్చివాళ్ళందరూ బిస్కెట్లు ఇంట్లోనే చేస్తారు. ఇంట్లోనే అంటే ఏమిటో బయటి ఊరివాళ్ళకి కొంచెం వివరంగా చెప్పాలి. మైదా మనది, పంచదార మనది, డాల్డా మనది, గుడ్లు మనవి. పిండి కలిపి, పెద్ద బేసిన్లో పెట్టి, పైన తడిబట్ట కప్పి, రిక్షా ఎక్కించి వీరాస్వామిగారి బేకరీకి తీసుకెళ్తాం. ఆయన కట్టెల పొయ్యిలో కాల్చి ఇస్తారు. వాటిని మళ్ళీ రిక్షా ఎక్కించి తెచ్చుకుని, వచ్చినవాళ్ళ ముందు పెట్టి "ఇంట్లో చేసినవేనండి" అంటాం. ఎవరూ కాదనరు. వాళ్ళవీ అక్కడే కాలాయి మరి.

పొయ్యి ఒకటి, పిండి ముప్పై ఇళ్ళది. కాలి బయటికొచ్చాక ఎవరివి ఎవరివో దేవుడికి కూడా తెలియదు. అందుకని ఇంటికో గుర్తు ఉంటుంది. పచ్చి బిస్కెట్ల మీద ఒకరు ఫోర్కుతో గీతలు పెడతారు, ఒకరు గాజు అంచు నొక్కుతారు, ఒకరు సోడా మూత నొక్కుతారు. ఒకరింటి గుర్తు దువ్వెన పళ్ళు. కొత్త దువ్వెనే అంటారు. పండగ పూట అనుమానించడం పాపం కాబట్టి నమ్ముతాం.

మా ఇంటి గుర్తు తాళంచెవి. మా అత్తగారు హన్నమ్మగారి పెళ్ళినాటి ట్రంకు పెట్టెది. పెట్టె తుప్పుపట్టి పాత సామాన్లవాడి బండెక్కి చాలా ఏళ్ళయింది. తాళంచెవి మాత్రం ఇంకా ఉద్యోగం చేస్తోంది, ఏడాదికి ఒక్క రోజు. ఆ రోజు అత్తగారు బేకరీలో స్టూలు వేయించుకుని కూర్చుని, ఆరువందల బిస్కెట్ల మీద ఆరువందలసార్లు దాన్ని నొక్కుతారు.

మిగతా చిన్నాచితకా పనులు నావి. మైదా జల్లించడం, పంచదార మిక్సీ పట్టడం, డాల్డా తెల్లగా నురగొచ్చేదాకా చెయ్యి పడిపోయేట్టు గిలకొట్టడం, గుడ్లు, పిండి, రిక్షా, బేకరీలో పొయ్యి ముందు కాపలా, తెచ్చి ఆరబెట్టి నూనె డబ్బాలో సర్దడం. ఇవన్నీ అయ్యాక పండక్కి వచ్చినవాళ్ళు ఒకటి కొరికి "ఆహా, హన్నమ్మగారి చెయ్యే చెయ్యండి!" అంటారు. సొమ్మొకడిది సోకొకడిది అన్నవాడు మా ఇంట్లో క్రిస్మస్ చేసి వెళ్ళాక అనుంటాడు.

నాకు కావలసింది పెద్దదేం కాదు. మా ఆయన నిత్యానందంగారి నోటి వెంట, నలుగురి ముందు, ఒక్కసారి "ఇవి మా సుగుణ చేసింది" అని వినాలి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళ నుంచీ ఎదురుచూస్తున్నాను. ఏసుప్రభువు రెండో రాకడకైనా కొన్ని సూచనలు చెప్పారు. దీనికి అవీ లేవు.

2005 డిసెంబరులో ఆయన ఇంకో మెట్టు ఎక్కారు. చర్చి కమిటీకి సెక్రటరీ అయ్యారు కదా, మైకు చేతికొచ్చింది. ఆరాధన అయ్యాక ప్రకటనల్లో, "ఈసారి క్రిస్మస్ ఉదయం సంఘమంతటికీ మా అమ్మగారు స్వహస్తాలతో చేసిన బిస్కెట్లు పంచబడును" అని చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పెదపాడు హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఇంట్లో హాఫియర్లీ పేపర్లు నూట నలభై నా కోసం మంచం మీద పడుకుని ఉన్నాయి. అవి గుర్తొచ్చి నేను కూడా కొట్టాను, నుదురు.

బేకరీకి వెళ్ళాల్సింది మంగళవారం. సోమవారం పొద్దున్న అత్తగారు పెరట్లో పంపు దగ్గర కాలు జారి కుడిచెయ్యి ఆనించి పడ్డారు. ఎముక విరగలేదు, బాగా బెణికింది. డాక్టరు కట్టు కట్టి, రెండు వారాలు చెయ్యి కదపొద్దన్నాడు. ఇంటికి రాగానే ఆవిడ చెప్పిన మొదటి మాట, "ఎవ్వరికీ చెప్పకండి. పండగ ముందు చూడ్డానికి వస్తారు. అంతమందికి కాఫీలు పెట్టలేం."

కాఫీలు పెట్టేదాన్ని నేనే కాబట్టి ఆ 'లేం' నాకు చాలా నచ్చింది.

మంగళవారం నేను బేసిన్ ఎత్తుకుంటుంటే ఆవిడ ఎడమచేత్తో కొంగుముడి విప్పి తాళంచెవి ఇచ్చారు. "నువ్వే నొక్కమ్మా. మధ్యలో నొక్కు. మరీ లోతుగా వద్దు, విరుగుతాయి" అన్నారు. తొమ్మిదేళ్ళు పిండి కలిపినదానికి నొక్కడం నేర్పుతున్నారు. "అలాగే అత్తయ్యా" అని బ్యాగులో వేసుకున్నాను.

బేకరీలో నాది పదకొండో నంబరు. పేపర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని దిద్దుతూ కూర్చున్నాను. పొద్దున్నే లేచి కొల్లేరు గట్టు మీద నుంచి స్కూలుకొచ్చే ఒక మహానుభావుడు కొల్లేరు సరస్సు రాజస్థాన్‌లో ఉందని రాశాడు. ఎర్ర పెన్నుతో నిండు మనసుతో సున్నా పెట్టాను. అప్పుడే లోపల్నుంచి వీరాస్వామిగారు కేకేశారు. "తాళంచెవి గుర్తువారు రావాలండీ!"

తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను పేరుపెట్టి పిలిచింది లేదు. ఆ కేక ఏటా వినే కేకే, ఆవేళ మాత్రం ఒళ్ళు మండింది.

ట్రేల నిండా పచ్చి బిస్కెట్లు గుండ్రంగా, తెల్లగా ఉన్నాయి. బ్యాగులో తాళంచెవి ఉంది. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. పెన్ను మూత తీసి, కుళాయి కింద శుభ్రంగా కడిగి (దువ్వెన కంటే నయమే), మొదటిదాని మీద నొక్కాను. సున్నా పడింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండోదాని మీద నొక్కాను. ఇంక ఆగలేదు.

వీరాస్వామిగారు చూసి కంగారుపడ్డారు. "అదేంటండి మేడమ్‌గారూ, గుర్తు మారిందేంటండి?"

"మారిందండి."

"హన్నమ్మగారు ఎరుగుదురాండి?"

"చూశాక ఎరుగుతారండి."

ఆరువందల సున్నాలు డబ్బాకెత్తుకుని ఇంటికొచ్చాను.

శుక్రవారం మా ఆడపడుచు మెర్సీ తణుకు నుంచి వచ్చింది. ప్రతి ఏడూ వచ్చి ఒక డబ్బా నింపుకుపోతుంది. మధ్యాహ్నం కాఫీలతో బిస్కెట్లు పెట్టాను. మా ఆయన ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని, కోర్టులో జడ్జీగారిలా కాసేపు ఆగారు. "ఏదో తేడాగా ఉందే" అన్నారు.

"నిజమే అన్నయ్యా" అంది మెర్సీ. "అమ్మ చేస్తే నోట్లో వేసుకోగానే కరిగిపోతాయి. ఇవి పంటికి తగుల్తున్నాయి. ఏమనుకోకు వదినా, నీకు స్కూలు పనితో హడావిడి, పాపం."

అదే మైదా. అదే కొలత. అదే చెయ్యి. మారిందల్లా వేలెడు తాళంచెవి. రుచి నాలిక మీద ఉంటుందని సైన్సు టీచరు పిల్లలకి చెప్తుంటే విన్నాను. మా ఇంట్లో వాళ్ళకి కంట్లో ఉంటుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చానని సామెత. నాకు తోటికోడలు లేదు. ఆ లోటు మెర్సీ తీరుస్తోంది.

అత్తగారి వంక చూశాను. ఆవిడ ఎడమచేత్తో ఒకటి తీసి, కిటికీ వెలుగులోకి పెట్టి, సున్నాని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత కాఫీలో ముంచుకుని తిన్నారు. "పిండి ఎప్పుడూ సుగుణే కలుపుతుందర్రా" అంటే ఆవిడ నోరేం అరిగిపోదు కదా. నేను గదిలోకి పోయి పేపర్ల ముందు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఏడ్చాను. పేపర్ల మీద పడకుండా పక్కకి తిరిగి ఏడ్చాను, ఎర్ర సిరా అలికితే మళ్ళీ హెడ్మాస్టరుగారికి సంజాయిషీ చెప్పుకోవాలి.

శనివారం పొద్దున్నే మా అమ్మాయి ఇందు చేత వీధిలో ఇంటింటికీ ప్లేట్లు పంపించాను. చేపలిచ్చే రామయ్యకి పొట్లం కట్టి ఇచ్చాను. అరగంట కాలేదు, పక్కింటి మంగాయమ్మగారు వచ్చారు. ప్లేటు చేతిలో ఉంది, బిస్కెట్లు అలాగే ఉన్నాయి.

"ఏవమ్మా సుగుణా, మీ అత్తగారికి ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉన్నారండి."

"నా దగ్గర దాస్తావేంటమ్మా. బిస్కెట్ల మీద తాళంచెవి లేదుగా!"

ఆవిడ లోపలికి వచ్చి కట్టు చూసి గుండెలు బాదుకుంటుండగానే ఎదురింటివాళ్ళు వచ్చారు. వెనకాల వీధి చివరివాళ్ళు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఇంతలో వాకిట్లో సైకిలు బెల్లు మోగింది. పెదపాడు వైపు సగం దూరం వెళ్ళిపోయిన రామయ్య బక్కెట్టుతో తిరిగొచ్చాడు. బక్కెట్టులో కొర్రమీను బతికే ఉంది, తోకతో నీళ్ళు కొడుతోంది.

"ఆయ్, దారిలో పొట్లం విప్పానండి. తాళంచెవి కనపళ్ళేదండి. మామ్మగారు మంచాన పడ్డారేమోనని ప్రాణం ఉసూరుమందండి. ఇది పులుసెట్టి పెట్టండమ్మా, బలవొస్తాది."

పది గంటలకి మా హాల్లో పదకొండు మంది ఉన్నారు. మధ్యలో కుర్చీలో కట్టు చేత్తో అత్తగారు. మా ఆయన వచ్చినవాళ్ళకల్లా "చిన్న బెణుకేనండి" అని ప్రకటనలు చేస్తున్నారు. నేను కాఫీలు పెడుతున్నాను. పరామర్శకొచ్చినవాళ్ళు కాఫీతో రెండేసి, మూడేసి బిస్కెట్లు లాగిస్తున్నారు. చర్చికని తీసిపెట్టిన డబ్బా అడుగు కనిపిస్తోంది.

"అమ్మ నొక్కకపోతే రుచి కూడా పోయిందండీ ఈసారి" అంది మెర్సీ, బాధగా.

మంగాయమ్మగారు నములుతున్నది ఆపారు. "రుచికేమమ్మా? ఎప్పటిలాగే ఉన్నాయిగా. ఏమనుకోకండి హన్నమ్మగారూ, సుగుణ కాపురానికి వచ్చాకే మీ ఇంటి బిస్కెట్లు నోట పెట్టేట్టు అయ్యాయి. అంతకు ముందు మా ఆయన వాటిని పాలల్లో నానేసి పక్కన పేపరు చదువుకునేవారు."

ఎవరూ నవ్వలేదు. అందరూ అత్తగారి వంక చూశారు. ఆవిడకి కోపం వస్తే పండగ గతేం కాను?

"అవును, నావి రాళ్ళు" అన్నారు అత్తగారు. "పిండి దానిదే. ఈ తొమ్మిదేళ్ళూ దానిదే. నేను కూర్చుని నొక్కేదాన్ని, అంతే."

"మరి ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నారు మా ఆయన, తెల్లబోయి.

"చెప్తే నొక్కడానికి మాత్రం నేనెందుకంటారు." ఆవిడ కట్టు వంక చూసుకున్నారు. "ఇంట్లో ఏ పనీ చెయ్యనివ్వరు. ఏడాదికోసారి అది నొక్కితే కదా, నేనింకా ఉన్నానని ఇంతమందికి తెలిసేది."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. నలుగురి ముందూ, పదకొండు మంది ముందూ, "అవునండి. ఇవి మా సుగుణ చేసింది" అన్నారు. నేను తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మాట. దాని వెనకే, ఊపిరైనా తీసుకోకుండా, "అందుకని వచ్చే ఏడాది మన సంఘంతో పాటు పక్క రెండు సంఘాలకి కూడా..." అన్నారు. కాఫీ గ్లాసులు సర్దుకుని వంటింట్లోకి వచ్చేశాను. సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆరువందల సున్నాలు పెట్టింది ఆ ముసలావిడకే అనిపించి సిగ్గేసింది.

వంటింట్లో ఇంకా రెండు కేజీల మైదా ఉంది. రేపు చర్చిలో పంచడానికి ఎలాగూ కావాలి. పిండి కలిపి, బ్యాగులోంచి తాళంచెవి తీసి, హాల్లోకి వెళ్ళాను.

"అత్తయ్యా, బేకరీకి వెళ్ళాలి. లేవండి."

"నేనెందుకమ్మా? చెయ్యి ఇలా ఉంటే."

"ఎడమది ఖాళీగానే ఉందిగా. నాకు పేపర్లున్నాయండి. నేను కలపగలను కానీ నొక్కలేను."

రిక్షాలో బేసిన్ నా ఒళ్ళో, తాళంచెవి ఆవిడ గుప్పిట్లో. బేకరీలో వీరాస్వామిగారు మమ్మల్ని చూసి లేచి నిలబడి, ఎవరూ అడక్కుండానే స్టూలు వేశారు. "తాళంచెవి గుర్తువారు వచ్చారండీ!" అని లోపలికి కేకేశారు. ఆవేళ ఆ కేకకి నాకు ఒళ్ళు మండలేదు.

అత్తగారు ఎడమచేత్తో నొక్కడం మొదలుపెట్టారు. ఒకటి అంచుకి పోయింది, ఒకటి తలకిందులైంది, మూడోది రెండు ముక్కలైంది. పక్కన కూర్చుని పేపరు దిద్దుతున్న నేను ఆగలేకపోయాను.

"మధ్యలో నొక్కండత్తయ్యా. మరీ లోతుగా వద్దు, విరుగుతాయి."

ఆవిడ తాళంచెవి ఎత్తి నా వంక చూశారు.

"తొమ్మిదేళ్ళ నుంచీ ఈ మాట అనాలనే కూర్చున్నావు కదే?"

"అవునండి" అన్నాను.