నోటినిండా నీళ్లు

ఊట దగ్గర కూర్చుని ఉండే రాతి ముసలమ్మను ప్రభుత్వం లారీలో ఎక్కించుకుపోయేనాటికి మా ఫిదెన్సియా పెద్దమ్మ ఇంకా చిన్నపిల్ల. లారీ కొండమలుపు తిరిగేదాకా వెంటబడి పరిగెత్తిందట. రాయి పోయింది గాని ఊట పని పోలేదు. తల్లి తర్వాత ఆ పని పెద్దమ్మదే అయింది. తరచూ ఊట చుట్టూ ఊడ్చేది. ఏటా వానలకు ముందు, రాయి ఉండిన ఖాళీ గుంటలో పూలు పెట్టి, ధూపం వేసేది. ముసలమ్మ పెదవులు ఉండవలసిన చోట గాలిలోకే నీళ్లు చిలకరించేది.

పోయిన ఏడాది వహాకా నగరంలో మ్యూజియం వాళ్లు కొత్త హాలు తెరుస్తూ మా ఊరివాళ్లను పిలిచారు. పండగ బట్టల్లో రమ్మన్నారు. బాజాలు కూడా తెమ్మన్నారు.

"అక్కడ అందరూ కాస్త పద్ధతిగా ఉండండి. ముసలమ్మని తిరిగివ్వమని మాట కదుపుతాను" అన్నాడు మా ఊరి పెద్ద నతాలియో.

బస్సులో దారి పొడుగునా పెద్దమ్మ ఊటనీళ్ల సొరబుర్రను ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. మ్యూజియం వాకిట్లో కాపలావాడు ఆపాడు.

"నీళ్లు లోపలికి తీసుకెళ్లకూడదు, అవ్వా."

"నాకు కాదు నాయనా, ఆవిడకి."

"ఎవరికి?"

"లోపల కూర్చుందిగా, ఆవిడకి. ఎన్నేళ్లయిందో గొంతు తడిసి."

కాపలావాడు పక్కవాడి వంక చూసి నవ్వాడు. నతాలియోకు తల కొట్టేసినట్టయింది. పళ్లు నూరుతూ మా భాషలో అన్నాడు. "ఇక్కడ కూడా నీ గొడవేనా వదినా? పారబొయ్యి, ఆ మొక్కల్లో."

పెద్దమ్మ బుర్ర ఎత్తి తాగింది. ఖాళీ బుర్రను కాపలావాడి చేతిలో పెట్టి లోపలికి నడిచింది. నేను పక్కకు తిరిగి చూద్దును కదా, ఆమె బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. గుటక వేయలేదు.

లోపల ఉపన్యాసాలు మొదలయ్యాయి. మ్యూజియం పెద్దావిడ మైకు పట్టుకుని, ఈ శిల్పం ఈ ఊరివాళ్ల పూర్వీకులు చెక్కిందే కావచ్చునంది. కావచ్చునట! బాజావాళ్లు వాయించారు, ఫోటోలు తీశారు. ఒక విలేఖరి పెద్దమ్మ మూతి దగ్గర మైకు పెట్టి, "మీకెలా అనిపిస్తోందమ్మా?" అని అడిగాడు. పెద్దమ్మ తల మాత్రం ఊపింది.

"పాపం, ఆవిడకి స్పానిష్ రాదండీ" అంది పెద్దావిడ.

ముప్పయ్యేళ్లు ఆదివారం సంతలో స్పానిష్‌లోనే బేరాలాడి కుండలమ్మిన మనిషి మా పెద్దమ్మ.

జనం పలహారాల వైపు కదలగానే ఆమె విగ్రహానికి అడ్డంగా కట్టిన తాడు కిందుగా దూరింది. రాతి ముసలమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఆ చెంపలు పట్టుకుని, పెదవుల మీద పెదవులు ఆనించింది. నీళ్లు రాతి గడ్డం మీదుగా గుండెల మీదికి జారాయి. పొడిరాయి నల్లబడింది.

"ఉమ్మేసింది! విగ్రహం మీద ఉమ్మేసింది!" ఎవరో కేక పెట్టారు.

ఇద్దరు కాపలావాళ్లు వచ్చి ఆమెను చంకల కింద పట్టుకుని లేవనెత్తారు. చెప్పు ఒకటి అక్కడే ఊడిపోయింది. "పెదాలే తడిశాయే, ఇంకాస్త ఉండనివ్వండి!" అని పెద్దమ్మ స్పానిష్‌లోనే అరిచింది. నతాలియో మాత్రం ఆ పెద్దావిడ ముందు నిలబడి టోపీ తీసి క్షమాపణలు చెప్పుకుంటున్నాడు.

మర్నాడు పత్రికలో పెద్దమ్మ ఫోటో పడింది. కింద 'ప్రాచీన శిల్పానికి అవమానం' అని రాశారు. సొంత ఊరివాళ్లకే విలువ తెలియని వస్తువును ఆ ఊరికెలా అప్పగిస్తామని మ్యూజియం వాళ్లు కబురు చేశారు.

ఊరు సమావేశమైంది. జరిగిందేమిటో నేను లేచి చెప్పాను.

"అయితే పేపరువాళ్లకి కళ్లు లేవా?" అన్నాడు నతాలియో.

"నోట్లో నీళ్లు పోసుకుని తీసుకెళ్లడమేమిటి, ఎంగిలి! నీ తల్లి ఎప్పుడైనా అలా చేసిందా?" అని ఒక ముసలాయన పెద్దమ్మనే నిలదీశాడు.

"మా అమ్మని ఎవరూ వాకిట్లో ఆపలేదు" అంది పెద్దమ్మ.

ఊట పని ఆమె చేతిలోంచి తీసి నతాలియో భార్య ఒబ్దూలియాకు అప్పగించారు. పెద్దమ్మ ధూపం వేసే మట్టిపాత్ర తుడిచి, తనే పట్టుకెళ్లి ఆమె గడపలో పెట్టి వచ్చింది. ఒబ్దూలియా రెండుసార్లు ఊట ఊడ్చడానికి వెళ్లింది. తర్వాత మోకాళ్ల నొప్పులంది.

"ఇప్పుడెవరు చూస్తారు, నువ్వే వెళ్లిరా" అన్నాను ఒకరోజు.

"నాది కాదన్నారుగా" అంది, మొక్కజొన్న కంకులు ఒలుస్తూ.

వానలు పడకముందే మ్యూజియం వాళ్లు ముసలమ్మకు నకలు పోయించి ప్లాస్టర్ బొమ్మ పంపారు. బరువు లేదు, ఇద్దరు మోసేశారు. నతాలియో దాన్ని ఊటకు చేర్చకుండా పంచాయతీ ఆఫీసు వరండాలో పెట్టించాడు, వచ్చిపోయేవాళ్లకు కనబడుతుందని. ఊరంతా అక్కడికే వెళ్లింది. నేను పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. తలుపులు వేసుకుని మొక్కజొన్న పిండి నూరుకుంటోంది.

"బాజాలు మోగుతున్నాయి, ఎవరొచ్చారే?" అంది తలెత్తకుండా.

"ఎవరూ రాలేదు పెద్దమ్మా" అన్నాను.