నా నడుములో సన్న తీగ

నేను ఒక పరుపును. ఉత్త పరుపు అనకండి, నాకు కోపం వస్తుంది. హైబ్రిడ్ పరుపును. కింద స్ప్రింగులు, వాటి మీద లేటెక్సు పొర, ఆ పైన చెయ్యి పెడితే వేళ్ళ అచ్చు పడే మెమరీ ఫోము, అన్నిటికీ పైన తెల్లటి అల్లిక గుడ్డ. నా పక్కన కుట్టిన సిల్కు చీటీ మీద 'లగ్జరీ' అని జరీ అక్షరాలు కూడా ఉండేవి. మెత్తటిదాన్ని కదా, నా కథ కూడా మెత్తగానే ఉంటుందని మీరు అనుకుంటే నేనేమీ చెయ్యలేను. మెత్తదనం ఎలా తయారవుతుందో చూసినవాళ్ళెవరూ అలా అనుకోరు.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో నన్ను పుట్టించారు. ఉక్కు తీగను లాగి, మెలిపెట్టి, చుట్టలు చుట్టి, ఆ చుట్టల్ని మంటలో కాల్చారు. కాలి బిగుసుకున్న ఒక్కో స్ప్రింగునూ సగానికి అణగదొక్కి, గుడ్డ సంచిలో కుక్కి, నోరు అతికించేశారు. అలాంటివి ఎనిమిది వందల పైచిలుకు. ఆ తర్వాత ఫోమును రంపంతో కోశారు, జిగురు పూశారు, పైగుడ్డను వందల సూదులతో పొడిచారు. ఇంతా చేసి, దీని మీద పడుకుంటే హాయి అని బయట బోర్డు పెట్టారు. మనుషుల హాయికి ముందు ఎవరో ఒకరు తన్నులు తినాలని నాకు పుట్టిన రోజే తెలిసింది.

పరుపుకు అసలు పని నడుము దగ్గర ఉంటుంది. మనిషి బరువు ఎక్కువగా దిగేది అక్కడే కనుక మధ్య వరసల్లో దళసరి తీగ స్ప్రింగులు పెట్టాలి. నాకు సన్న తీగవి పెట్టారు. సన్న తీగ మిషను మీద త్వరగా చుట్టుకుంటుంది, రోజుకు పది పరుపులు దిగేచోట పదిహేను దిగుతాయి. ఈ తెలివి షెడ్డు మేనేజరు విజయసారథిది. నాతో కలిపి అరవై నాలుగు పరుపులకు అదే నడుము పెట్టించాడు. అరవై నాలుగూ వెళ్ళేది ఒకే చోటికి, వెన్నెముక విరిగినవాళ్ళను ఉంచే ఆసుపత్రికి. పరీక్షలో చూపించడానికి మాత్రం దళసరి తీగతో అరవై అయిదో పరుపును విడిగా చేయించి, గుర్తుకోసం దాని మూలకుట్టు ఎర్రదారంతో వెయ్యమని దస్తగిరికి చెప్పాడు.

నూర్‌బాషా దస్తగిరికి అరవై దాటాయి. దూదేకుల ఇంట్లో పుట్టి, విల్లు భుజాన వేసుకుని వీధులు తిరిగి, దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ఆ పని పోయాక ఇక్కడ చివరి కుట్టు వేసే పనిలో చేరాడు. వాళ్ళ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. జబ్బుమనిషి కోసం కుట్టే పరుపు ఇంట్లో మిగతావాటితో కలిసిపోకుండా దాని మూలకుట్టు ఎర్రదారంతో వేసేవాళ్ళు. ఎర్రదారం అనగానే అతనికి తట్టింది అదే. సరుకంతా ఆసుపత్రికేనని విన్నాడు కనుక ఒక్కదానికి వేసి ఊరుకోలేదు. అరవై అయిదింటికీ వేశాడు. వేస్తూ ఒక్కోదాని దగ్గర పెదవులు కదిపి ఏదో దువా చదివాడు, నా దగ్గర కూడా చదివాడు. నా నడుములో ఏముందో పాపం అతనికి తెలియదు.

ఎర్రదారం ఉన్న పరుపును పరీక్ష గదికి మొయ్యమని సారథి కేకేస్తే, కూలీలు తలుపు పక్కనే ఉన్న నన్ను ఎత్తుకుపోయారు.

అక్కడ నూట నలభై కిలోల చెక్క రోలరు ఉంది. నాలుగు రోజులు అది నా మీద అటూ ఇటూ దొర్లింది, ముప్పై వేల సార్లు. ఎముకలు లేవు కనుక విరగలేదు గానీ లోపల ప్రతి సంచీ మూలిగింది. రోలరు ఆగాక మిషను నా ఎత్తు కొలిచింది. పైన ఫోము వెంటనే పొంగింది కనుక ఎత్తు సరిపోయింది. మిషన్లను మోసం చెయ్యడం ఇంత సులువని నాకు అప్పటిదాకా తెలియదు.

అయిదో రోజు ఉదయం పేరయ్య వచ్చాడు. ఆరేళ్ళ కిందట కల్లు గీస్తుండగా మోకు తెగి తాటిచెట్టు మీంచి పడినవాడు. నడుములో రెండు కడ్డీలు, ఎనిమిది మరలు బిగించారు. వంగలేడు, నిటారుగానే నడుస్తాడు. మొదట ఈ షెడ్డుకు కాపలాకు వచ్చాడు. ఒక మధ్యాహ్నం ఒక పరుపు మీద నడుం వాల్చి, ఇందులో ఫలానా చోట స్ప్రింగులు లేవని చెప్పాడు. విప్పి చూస్తే నిజమే. అప్పటి నుంచి కొత్త పరుపులకు అతని వెన్నే ఆఖరి పరీక్ష. పడుకుని తినే ఉద్యోగమని షెడ్డంతా ఆటపట్టిస్తుంది, అతనూ నవ్వుతాడు.

ఆ రోజు నవ్వలేదు. అతని తమ్ముడు గంగరాజు ఈ వేసవిలో అదే పని చేస్తూ, అలాగే చెట్టు మీంచి పడి, ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. అక్కడి పాత పరుపులు గుంటలు పడిపోయాయి. నడుము కిందికి దిగితే కొత్తగా బిగించిన మరలు కదిలిపోతాయనీ, ఆ తర్వాత కాళ్ళ మీద ఆశ వదులుకోవాలనీ డాక్టరు చెప్పాడు. మా దగ్గర మంచి పరుపులు దొరుకుతాయని ఆసుపత్రివాళ్ళకు మాట ఇచ్చింది పేరయ్యే. పరీక్ష నివేదిక మీద అతని సంతకం పడితే సాయంత్రానికి లారీ బయల్దేరుతుంది. ఆ కాగితం కోసం ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు సువార్తమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది.

పేరయ్య చెప్పులు విడిచి నా అంచున కూర్చున్నాడు. అంచు నిలబడింది. చేతుల మీద ఆనుకుని మెల్లగా వెల్లకిలా వాలాడు.

"మెత్తన బాగుంది సిస్టరమ్మా. భుజాలు హాయిగా దిగినయ్," అన్నాడు.

చెప్పొద్దూ, నాకు గర్వం వచ్చింది. నా లోపల ఉన్న దొంగతనం తెలిసి కూడా వచ్చింది. పొగడ్త వింటే పరుపుకైనా బుద్ధి ఉండదు.

పావుగంట గడిచింది. అతని నుదుటి మీద చెమట పట్టింది. అరచెయ్యి నడుము కిందికి దూర్చబోతే దూరలేదు. నడుము అంత లోపలికి దిగిపోయింది. నేను ఆపుదామనే చూశాను. సన్న తీగ ఆపదు.

"నడుం దిగబడతందండీ," అన్నాడు పేరయ్య.

సారథి నవ్వాడు. "నీ నడుం ఆరేళ్ళ కిందటే దిగబడింది. దాన్ని తెచ్చి నా పరుపు మీద పెట్టి, పరుపుదే తప్పంటే ఎట్టా?"

"మరలు గుచ్చుకుంటన్నయ్ సారథిగారూ. మా గంగరాజుని దీని మీద పడుకోబెట్టలేను."

"సంతకం పెట్టి లే."

"పెట్టను."

సారథి అతని చొక్కా పట్టుకుని లాగాడు, మెడ దగ్గర గుడ్డ చిరిగింది. ఇక్కడ ఒక తమాషా ఉంది, వినండి. సారథి కోపం నిజమైన కోపం. నేను దళసరి తీగ పరుపునని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. బతుకులో ఒక్కసారి తన సరుకు మీద తనకు నమ్మకం కలిగింది, అదీ నా మీద కలిగింది.

"నర్సమ్మగారూ, మీ కళ్ళ ముందే కోసి చూపిస్తా. స్ప్రింగుల్లో తప్పుంటే నా పేరు మార్చుకుంటా," అని పేరయ్యను పక్కకు తోసి, ఫోము కోసే పొడుగు కత్తి అందుకున్నాడు.

కత్తి నా నడుములో పిడి దాకా దిగింది. గుడ్డ, ఫోము, లేటెక్సు వరసగా తెగాయి. కింద సంచులు తెగేసరికి, పుట్టినప్పటి నుంచి పీక నొక్కి ఉంచిన స్ప్రింగులు ఒక్కసారి పైకి ఎగిరాయి. ఒకటి సారథి కనుబొమ్మ చీల్చింది. రక్తం నా తెల్లగుడ్డ మీద బొట్లుగా పడింది. నాకు జాలి కలగలేదు, ఇంకో రెండు తగిలితే బాగుండుననిపించింది.

సువార్తమ్మ కింద పడిన స్ప్రింగును తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కింది. అది చప్పుడు లేకుండా అణిగిపోయింది.

"బాల్‌పెన్ను స్ప్రింగు దీనికన్నా గట్టిగా ఉంటదండీ," అంది.

సారథి స్ప్రింగు వంక చూశాడు, ఎర్రదారం వంక చూశాడు. తర్వాత దస్తగిరిని పిలిచాడు. ముసలాయన వచ్చి, నా పొట్ట చీలి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎర్రదారం ఎన్నిటికి వేశావు?"

"అన్నిటికీ వేశానండీ. జబ్బుమనుషులకని చెప్పారు గదా."

సారథి అతని రొమ్ము మీద తన్నాడు. దస్తగిరి గోడకు కొట్టుకుని కింద పడ్డాడు. పడినవాణ్ణి మళ్ళీ తన్నాడు, డొక్కలో. మూడోసారి కాలెత్తేసరికి పేరయ్య వెనకనుంచి రెండు చేతులూ చుట్టేశాడు. ఇరవై ఏళ్ళు తాటిచెట్లను కావలించుకుని ఎక్కిన చేతులవి, సారథికి ఊపిరి అందలేదు. చేతిలో కత్తి ఇంకా ఉంది. దాన్ని వెనక్కి ఝళిపిస్తే పేరయ్య ముంజేయి ఎముక దాకా తెగింది. అయినా అతను పట్టు వదల్లేదు. ఇద్దరూ తూలి నా మీద పడ్డారు, పేరయ్య కింద, సారథి పైన.

పేరయ్య నడుము సరిగ్గా నా కోత మీద పడింది. తొంభై కిలోల సారథి అతని పొట్ట మీద పడ్డాడు. ఆ క్షణంలో నాలో దళసరి తీగ ఉండి ఉంటే, కోత లేకపోయి ఉంటే, నేను ఆ దెబ్బను కాచుకునేదాన్ని. పరుపు పుట్టిందే అందుకు. నేను కాచలేదు. అతను నా లోంచి కింద నేల దాకా దిగిపోయాడు. లోపల మర విరిగిన చప్పుడు అందరికంటే ముందు నాకు వినిపించింది.

పేరయ్య చేతులు వాటంతటవే విడిపోయాయి. సారథి లేచి, కత్తి పారేసి, గోడవారకు జరిగాడు.

"ఎవురూ కదిలించొద్దు," అంది సువార్తమ్మ. అంబులెన్సుకు ఫోను చేసింది. వచ్చేసరికి అరగంట పడుతుందన్నారు. పేరయ్య నడుము మాత్రం క్షణం క్షణం ఇంకా లోపలికి దిగుతోంది. నేను ఉన్న స్ప్రింగులన్నిటితో తోశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క అంగుళం కూడా ఎత్తలేకపోయాను.

అప్పుడు దస్తగిరి డొక్క పట్టుకుని పాక్కుంటూ వచ్చాడు. నా పక్కన బోర్లా పడుకుని, రెండు చేతులూ మోచేతుల దాకా నా కోతలోకి దూర్చాడు. తెగిన తీగలు అతని చర్మాన్ని గీరాయి. పేరయ్య నడుము కింద అరచేతులు ఆనించి పైకి పట్టాడు.

"ఎత్తు చాలా అమ్మా?"

"ఇంకొంచెం. అంతే. అట్టాగే ఉంచండి తాతా," అంది సువార్తమ్మ. పెన్నుతో పేరయ్య అరికాళ్ళు గీసింది. ఎడమకాలి బొటనవేలు కదిలింది, కుడికాలు కదల్లేదు.

"బాబాయ్, చేతులు తీసెయ్. కోసుకుపోతయ్," అన్నాడు పేరయ్య.

"నువ్వు ఊరుకోరా," అన్నాడు దస్తగిరి.

పేరయ్య, "సిస్టరమ్మా, ఆ కాగితం పూర్తి చెయ్యండి," అన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా?"

"ఇప్పుడే. నేను మంచంలో ఉన్నప్పుడు ఇంకోడెవడో సంతకం పెడతాడు, మావోడి కిందికి ఇది వస్తది. రాయండి. మెత్తన బాగుంది. దన్ను లేదు."

ఆమె రాసింది. తెగని చేత్తో, పడుకునే, అతను వంకరటింకరగా సంతకం చేశాడు.

అరవై నాలుగు పరుపుల్లో ఒక్కటీ ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. సారథిని పోలీసులు తీసుకుపోయారు. నన్ను పాత సామాన్ల షెడ్డు వెనక పడేశారు. ఒకరోజు దస్తగిరి చేతులకు కట్లతో వచ్చి కూలీలతో మాట్లాడుతుంటే విన్నాను. గంగరాజుకు వేరే చోటనుంచి గట్టి పరుపు వచ్చిందట, గోడ పట్టుకుని నిలబడుతున్నాడట. పక్క మంచం మీద అన్న ఉన్నాడు. పేరయ్య కుడికాల్లో చలనం ఇంకా రాలేదు.

రేపో మాపో నా ఫోమును ముక్కలు చేసి సోఫాల్లో కూరతారు, తీగను కరిగిస్తారు. హాయి గురించి, ఆసరా గురించి నా మీద రాసిన నివేదికలో ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఒప్పుకుంటాను. నేను పరుపుగా పుట్టి ఒక మనిషిని సరిగ్గా మోసింది ఆ అరగంటే. అప్పుడు నా నడుములో ఉన్నవి దస్తగిరి చేతులు.