మిషిన్ ఖరాబైంది

గోపాల్ రావు బీపీ చూసుకునే వేళకి కోరుట్లలోని ఆ ఇంట్లో కుక్కర్ కూడా విజిల్ వేయకూడదు. టీవీ ఆపాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండటానికి భార్య ఇందిరాదేవి లోపల్నుంచి దిండు మోసుకురావాలి. ఆయనగారు పాదాలు నేలకానించి, వీపు కుర్చీకానించి, కళ్లు మూసుకుని అయిదు నిమిషాలు మౌనంగా ఉంటారు. దేవుడి ముందు అర నిమిషం కుదురుగా కూర్చున్న మనిషా అంటే, అదీ లేదు!

కూతురు సుస్మిత సిరిసిల్ల నుంచి ఆ మిషిన్ తెచ్చిన రోజే ఇందిరాదేవి సుఖం గంగలో కలిసింది. ఇంటికి ఎవరొచ్చినా పాఠమే. "పై నంబరు గుండె రక్తాన్ని తోసేటప్పటి జోరు, కింది నంబరు గుండె జర దమ్ము తీసుకునేటప్పటిది" అని వాళ్ల చాయ్ చల్లారేదాకా చెబుతాడు. మళ్లీ చాయ్ పెట్టేదెవరు? ఈవిడే.

ఆవిడకి నెల రోజులుగా మెడ వెనక పట్టేసినట్టుంటోంది, తల దిమ్ముగా ఉంటోంది. బామ్ రాసుకుని నెట్టుకొస్తోంది. ఒకసారి మొగుడితో చెబితే, మిషిన్ మీంచి చూపు తిప్పకుండానే "నిద్ర సాల్తలేదు నీకు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది ఆవిడకి.

ఆ పొద్దున దోసెలు పోస్తుంటే హాల్లోంచి కేక.

"ఇందిరా! ఓ ఇందిరా! నూట నలభై ఎనిమిది అచ్చింది!"

"రాత్రి మటన్ తిన్నదెవరు? నన్నడుగుతరేంది?"

"గది కాదు. మిషిన్ ఖరాబైంది."

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.

"నీ చెయ్యి ఇటియ్యి, చెక్ చేద్దాం."

మిషిన్ ఇంటికొచ్చాక దాని పట్టీ ఆవిడ చేతికి చుట్టడం అదే మొదటిసారి. అదీ ఆవిడ కోసం కాదు, మిషిన్‌కి ఏమైందోనని! కసురుకుంటూనే కూర్చుంది. పట్టీ బిగిసింది, వదిలింది. పైన నూట తొంభై ఆరు, కింద నూట పన్నెండు.

"సూసినవా! నేను జెప్పలే? పూర్తిగ ఖరాబైంది!" అన్నాడు గోపాల్ రావు సంబరంగా. లోపల దోసె మాడిపోయింది.

మిషిన్ చూపించడానికి బయల్దేరాడాయన. ఒంటరిగా పంపిస్తే షాపువాడితో ఎక్కడ కొట్లాటకి దిగుతాడోనని ఆవిడా కారెక్కింది. మెడికల్ షాపు సంతోష్ పొద్దున వచ్చిన నంబర్లు విని, పట్టీని తన చేతికి చుట్టుకుని చూశాడు. గోపాల్ రావుని కాసేపు కూర్చోబెట్టి ఆయనకీ చూశాడు. ఇద్దరిదీ బాగానే ఉంది.

"మిషిన్ మంచిగనే ఉన్నది సార్. గా నూట తొంభై ఆరు ఎవరిది?"

ఇందిరాదేవే స్టూలు లాక్కుని కూర్చుని చెయ్యి చాపింది. మళ్లీ దాదాపు అంతే వచ్చింది.

"తల నొస్తున్నదా అమ్మా?"

"నెల సంది."

"ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పోండమ్మా. రేపు మాపు అనకండి. పక్షవాతం గిట్ల వస్తే కష్టం."

గోపాల్ రావు మొహం పాలిపోయింది. "నాకెందుకు జెప్పలే ఇందిరా?"

"జెప్పలేదా? ఇనెటందుకు మీకు పుర్సత్ ఉన్నదా?" షాపులో జనం చూస్తున్నారని కూడా చూడలేదావిడ. అరుస్తుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. భయమేసింది మరి.

అట్నుంచటే కారు జగిత్యాలకి పోనిచ్చాడు గోపాల్ రావు. డాక్టర్ ఆవిడ చేతికి పట్టీ చుడుతూ, "ఎన్నాళ్ల నుంచి ఉంది బీపీ?" అని అడిగాడు.

"ఏడాది సంది సార్," అంటూ ముందుకి వంగాడు గోపాల్ రావు. "మొన్నటిదాక నూట ఇరవై నాలుగు దాటలే..."

"మీది కాదండీ. ఆమెది అడుగుతున్నాను. ఇంతకుముందు ఎప్పుడైనా చూపించారా? షుగర్ ఉందా? వాళ్ల అమ్మానాన్నలకి బీపీ ఉండేదా?"

"ఆమెకు..." అని ఆగిపోయాడు గోపాల్ రావు. భార్య మొహంలోకి చూశాడు.

"నన్నడగండి సార్," అంది ఇందిరాదేవి. "నా సంగతి ఈయనకేం తెల్వది."