ఆరో బుష్షు

ఛీ, నా బతుకు చెడ. ఈ మాట రోజుకు పదిసార్లు అనుకుంటున్నాను, అనుకుని మళ్లీ నిమ్మళంగా టీ తాగుతున్నాను. అదీ నా సిగ్గు.

నా పేరు గణపతిరావు. భిలాయిలో ఒక చిన్న మెషీన్ షాపులో స్టోర్సు గుమాస్తాని. నా దగ్గర ఒక రష్యా సైకిలు ఉంది. స్టీలు ప్లాంటు కట్టిన రోజుల్లో ఇక్కడ పనిచేసిన రష్యా ఇంజనీరు ఒకాయన వెళ్తూ వెళ్తూ మా నాన్నకు ఇచ్చిపోయాడు. దానికి చేతి బ్రేకు ఉండదు, పెడలు వెనక్కి తొక్కితే ఆగుతుంది. ఆపేది వెనక చక్రం మధ్య హబ్బులో ఉండే కంచు బుష్షు, ఉంగరంలాంటి చిన్న గొట్టం. అది అరిగిపోయి సైకిలు పదేళ్లుగా గోడకు ఆనుకుని ఉంది.

పోయినేడాది, తొంభై ఎనిమిదిలో, మా ఊళ్లోనే సుపేలా బజారులో ఇంటర్నెట్ దుకాణం తెరిచారు. అక్కడ నాకు పాత సైకిళ్ల పిచ్చివాళ్ల గుంపు ఒకటి దొరికింది. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. పక్కింటివాడు గాలి పంపు అడిగితే ఇవ్వని ఈ లోకంలో, ఎక్కడో రష్యా పక్కనున్న ఖార్కోవ్‌లో రిటైరైన మాస్టారొకాయన నా కోసం తన సైకిలు హబ్బు విప్పి, బుష్షు కొలతలు తీసి పంపాడు.

మా షాపులో లోహాన్ని చెక్కే లేతు మిషను మీద అప్పలకొండ చెయ్యి తిరిగినవాడు. సొంతూరు చీపురుపల్లి దగ్గర, ఉండేది భిలాయిలోనే మరోదా బస్తీలో. భోజనం వేళలో సొంత పనులు చేసుకోవడం మా షాపులో అందరికీ అలవాటే. చపాతీ కర్ర, దీపం కుందె, ఏదైనా సరే, టిఫిన్ క్యారియర్లో పెట్టుకుని గేటు దాటిస్తారు. నేను స్టోర్సులోంచి కంచు ముక్క ఇచ్చాను. అతను రెండు మధ్యాహ్నాలు అన్నం మానుకుని బుష్షు చేశాడు. తొడిగి తొక్కితే, బ్రేకు పట్టింది.

ఆ రోజు గుంపుకు రాశాను, నేనే చేశానని. లేతు దగ్గర నిలబడటం కూడా రాని నేను. సొమ్మొకడిది, సోకొకడిది. "మాస్టర్ రావు" అంటూ పొగడ్తలు వచ్చాయి. మాకూ ఒకటి చేసిపెడతావా అని ఐదుగురు అడిగారు. పొంగిపోయి ఊరికే పంపుతానని మాటిచ్చేశాను.

అప్పలకొండకు చెబితే నవ్వాడు. "అయిదేటి భయ్యా, పదైనా సేసెత్తాను. ఆళ్లు కూడా తొక్కాల గదా."

శుక్రవారం గేటు దగ్గర కొత్త గార్డు క్యారియర్ విప్పించాడు. గిన్నెలో ఐదు బుష్షులు.

మేనేజరు ధర్మారావుగారి గదిలో అప్పలకొండ తల వంచుకుని, "నా కోసమే సార్" అన్నాడు. స్టోర్సు వాణ్ని కదా, నన్ను పిలిచారు.

"కంచు మీ దగ్గర్నుంచే పోయిందిగా. ఎవరి కోసమో మీకేమైనా తెలుసా?"

ఒక్క మాట అంటే చాలు, అతని ఉద్యోగం నిలుస్తుంది. "తెలీదండీ" అన్నాను. అని, తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చేశాను. దొంగతనం కింద సోమవారం అతన్ని తీసేస్తారని సాయంత్రానికి తెలిసింది.

ఆదివారం మరోదా వెళ్లాను. నోట్లో మట్టి కొట్టి చేతిలో పెట్టడానికి అరడజను అరటిపళ్లు కూడా పట్టుకెళ్లాను. వాళ్లావిడ అప్పయమ్మ టీ పెట్టింది.

"ఆ అయిదుగురికీ బుష్షులు రావని ఓ ముక్క రాసెయ్ భయ్యా" అన్నాడు అప్పలకొండ. "బుష్షులొస్తాయి గదాని ఈలోగా బ్రేకుల్లేకుండా తొక్కీత్తారేమో. పల్లంలో పడిపోతారు."

"రాస్తాను."

"నా పేరు సూసి ఏటన్నారు భయ్యా ఆళ్లు? పలకడం వస్తాదా ఆళ్లకి?"

నేను అతని పేరు రాశాననే అనుకుంటున్నాడు.

"వస్తుంది" అన్నాను. ఆ అబద్ధం గొంతులో పడ్డ చేపముల్లులా ఇంటిదాకా నాతోనే వచ్చింది.

ఇంటికొచ్చి నా సైకిలు హబ్బు విప్పి బుష్షు బయటికి తీశాను. సోమవారం పొద్దున్నే ఆ బుష్షు ధర్మారావుగారి బల్ల మీద పెట్టాను.

"ఆరోది ఇదండీ. కంచు ఇచ్చింది నేను, చెయ్యమన్నదీ నేనే."

"శుక్రవారం అడిగితే తెలీదన్నారు."

"అన్నానండీ."

ఆయన నా మొహంలోకి చూడలేదు. చూడబుద్ధి కాలేదు కాబోలు. అప్పలకొండను మందలించి పనిలోకి తీసుకున్నారు. నన్ను ఇంటికి పంపారు, మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు.

అక్కణ్నుంచి నేరుగా సుపేలా వెళ్లి గుంపుకు అంతా రాశాను. బుష్షు చేసింది అప్పలకొండ అని, నేను అబద్ధమాడానని, బ్రేకుల్లేకుండా తొక్కొద్దని అతను చెప్పమన్నాడని.

మర్నాటికి ఎనిమిది జవాబులు వచ్చాయి. ఏడింటిలో నా నిజాయితీని మెచ్చుకున్నారు. నా నిజాయితీని! ఛీ, అక్కడ కూడా పొగడ్త నాకే.

ఖార్కోవ్ మాస్టారు మాత్రం ఒక్క వాక్యం రాశాడు. "ఆయన పేరు ఎలా పలకాలి?"