నక్షత్రభూతం ఫ్లెక్సీ

జగదీశ్ ఆ సీరియల్ చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. శంషాబాద్‌లో వాళ్ల గల్లీ మొత్తం సాక్ష్యం. సీరియల్ పేరు 'నక్షత్రభూతం'. చచ్చిపోయిన సినిమా హీరో దయ్యమై తిరిగొస్తాడు. తన ఫ్లెక్సీ కింద ఫోటోలు వేయించుకున్న అభిమానుల ముఖాలు ఒక్కొక్కటే మింగేస్తాడు. ముఖం పోయినవాడు ఇంటికెళ్తే కన్నతల్లి కూడా తలుపు సందులోంచి చూసి "ఎవరు నాయనా నువ్వు?" అంటుంది. నీతి పసిపిల్లాడికైనా తెలిసిపోతుంది. జగదీశ్‌కీ తెలిసింది. అందుకే కళ్లు తుడుచుకుని, తెల్లారగానే 'శంషాబాద్ నక్షత్రభూతం అభిమాన సంఘం' పెట్టేశాడు!

దయ్యం వేషం కట్టే శ్రావణ్‌కుమార్ ఆదివారం విమానం దిగుతున్నాడని కబురొచ్చింది. ఇంకేముంది, ఎయిర్‌పోర్టుకు తిరిగే మలుపు దగ్గర ఫ్లెక్సీ లేచింది. పైన దయ్యం, కింద సంఘం. ఎవరి ముఖం ఎంత ఉండాలన్న దగ్గర కాలర్లు పట్టుకునేదాకా వచ్చి, చివరికి అధ్యక్షుడు కాబట్టి జగదీశ్ ముఖం సరిగ్గా దయ్యం బూటు కింద, అందరికంటే పెద్దగా పడింది. ఆ బూటు కింది చోటు కోసం అతను ఎంతమందిని బతిమాలాడో చెబితే సిగ్గుపోతుంది.

అదే ఆదివారం అతని బాపు ముత్తయ్యకు కంటికట్టు విప్పే రోజు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న కంటికి శుక్లం కమ్మి, చాలా ఏళ్లుగా కొడుకును గొంతుబట్టే గుర్తుపడుతున్నాడు. ఆపరేషన్‌కు పోయేముందు ముసలాయన అడిగింది ఒక్కటే.

"కట్టు ఇప్పంగనె ముందుగాల నీ మొకమే సూడాలె బిడ్డా."

"నేనుంట బాపూ, నీ మీద ఒట్టు," అన్నాడు జగదీశ్. ఆ క్షణాన నిజంగానే అన్నాడు.

ఆదివారం పొద్దున భార్య కళ్యాణి చెప్పి చూసింది. "మీ దయ్యం మల్లెప్పుడన్న వస్తది. ఇయ్యాల దవాఖానకు రావయ్యా."

"నువ్వు ఆటోల తీస్కపో. నేను జర మొకం సూపిచ్చి సీదా బుద్వేల్ దవాఖానకు వస్త."

ముఖమంటే మామూలు ముఖం కాదు. సంఘమంతా దయ్యంలా తెల్లరంగు పూసుకుని, కళ్ల చుట్టూ నల్లగా దిద్దుకున్నారు. సంఘం కార్యదర్శి బాలమల్లు తెచ్చిన ఆ రంగు ముఖాలకు పూసేదా, గోడలకు పూసేదా అని ఒక్కడూ అడగలేదు.

విమానం ఆలస్యమైంది. జగదీశ్ ఫోన్ మోగీ మోగీ ఊరుకుంది. చివరికి శ్రావణ్‌కుమార్ బయటికొచ్చాడు. కార్లో కూర్చుని అద్దం దించి, ఆ తెల్లముఖాలను చూసి హడలిపోయాడు.

"అయ్యా, మా సీరియల్లో మేం చెప్పేది ఇదే కదండీ! దయచేసి ముఖాలు పోగొట్టుకోకండి. ఇళ్లకు వెళ్లండి."

ఈలలు మోగిపోయాయి. "ఏం డైలాగన్నా! ఇంకోసారి, ఇంకోసారి!" అని జగదీశ్ గొంతు చించుకున్నాడు. పాపం, ఆయన ఇంకోసారి కూడా చెప్పి, అద్దం ఎత్తేసుకుని వెళ్లిపోయాడు.

ఇక ఫ్లెక్సీ కింద నిలబడి ఫోటో దిగితే జన్మ ధన్యం. అందరూ మలుపు దగ్గరికి ఉరికారు. అక్కడ రోడ్డు పక్కన, దవాఖాన నుంచి ఇంటికి పోయే ఆటో ఆగి ఉంది. ఫ్లెక్సీ ముందు నల్లద్దాలు పెట్టుకుని బాపు, పక్కన కళ్యాణి. జగదీశ్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"నీ కొడుకు దవాఖానకు రాలే గని, గీడ గింత పెద్దగున్నడు. సూడు మామా," అంటోంది కళ్యాణి. ఆ గొంతులో ఏడుపూ ఉంది, మంటా ఉంది.

ముసలాయన కొత్త చూపుతో ఒక్కొక్క ముఖాన్నీ వెతుకుతున్నాడు. ఫ్లెక్సీ దుకాణంవాళ్లు అందరికీ ఒకే తెలుపు పూసి, ఒకే ఖద్దరు చొక్కా తొడిగి, ఒకే నల్లద్దాలు తగిలించారు.

"పాపం, వీళ్లందరికి గూడ ఆపరేషన్లయినయా బిడ్డా?" అన్నాడు. ఆటో అతను పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "వీళ్లల్ల మావోడు లేడు. మావోడు నల్లగుంటడు. నవ్వితే పన్ను వంకర."

జగదీశ్ గుంపులోంచి ముందుకొచ్చాడు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ముసలాయన ఉలిక్కిపడి కోడలి వెనక్కి జరిగాడు.

"ఎవరు నాయనా నువ్వు?"

ఆ మాట సీరియల్లో విన్నప్పుడు జగదీశ్ బోరున ఏడ్చాడు. ఇప్పుడు ఏడుపు కూడా రాలేదు. భుజం మీది తువ్వాలుతో ముఖం రుద్దుకున్నాడు. చర్మం మండింది గానీ రంగు వదల్లేదు.

"నేనే బాపూ."

ఆ గొంతు వినగానే ముత్తయ్య అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. ముఖం వెలిగిపోయింది. "ఆఁ, మావోడే!" అన్నాడు. వెంటనే కళ్లు తెరిచి, ఆ తెల్లటి ముఖాన్ని చూసి మళ్లీ తడబడ్డాడు.

"అన్నా, ఇటు సూడే! ఫోటో!" అని వెనకనుంచి బాలమల్లు కేక. జగదీశ్ తిరగలేదు.

"ఇంటికి పోదాం పా బిడ్డా," అన్నాడు బాపు. మళ్లీ కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి చాచి, కొడుకు చెయ్యి వెతికి పట్టుకుని ఆటో ఎక్కాడు. ఇల్లు చేరేదాకా తెరవలేదు.